నగరం స్టూడియో కట్టాలా? ఫ్లోరు కన్నా ముందు చూడవలసిన లెక్కలు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ఇలా ఉంది. ఒక నగర పాలక సంస్థ తన అధీనంలో ఉన్న పాత రేవు భూముల్లో సినిమా, టెలివిజన్ స్టూడియో రావాలని కోరుకుంటోంది. ఫ్లోర్లు, అంటే సెట్లు వేసి షూటింగ్ జరిపే పెద్ద హాళ్లు, దొరక్క నిర్మాతలు వేరే ఊళ్లకు తరలిపోతున్నారని ఒక వర్గం అంటుంటే, ఇళ్లకు పనికొచ్చే భూమిని సినిమావాళ్ల చేతిలో పెట్టడం దేనికని మరో వర్గం నిలదీస్తోంది. ఇలాంటి ప్రయత్నాలు ఇతర నగరాల్లో ఎలా నడిచాయో, దేన్ని చూసి నిర్ణయం తీసుకోవాలో చెప్పమన్నారు. ఇరవై ఏళ్లకు పైగా మొదట ఫ్లోర్ల నిర్వహణలోనూ, తర్వాత కొత్త స్టూడియోల ప్లానింగులోనూ పనిచేసినవాణ్ని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఫ్లోరు కట్టడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తేలికైన పని. స్తంభాలు లేని పెద్ద హాలు, శబ్దం దూరని గోడలు, బరువు మోయగల పైకప్పు, సరిపడా కరెంటు ఉంటే చాలు కాబట్టి, డబ్బున్న ఏ కంపెనీ అయినా రెండేళ్లలోపు దాన్ని నిలబెట్టగలదు. ఏ కంపెనీ తనంతట తాను సమకూర్చుకోలేనిది, నగరం మాత్రమే ఇవ్వగలిగేది ఒకటుంది. అది ముప్పై నలభై ఏళ్ల దాకా అపార్ట్‌మెంట్లుగా మారిపోదన్న హామీతో, వర్క్‌షాపులకూ గోడౌన్లకూ లారీలకూ చోటిచ్చే భూమి. నగరాల ప్రయత్నాలు ఎక్కడ నిలదొక్కుకున్నాయో చూస్తే చాలావరకు అక్కడ నగరం భూమి సంగతి చూసుకుని, ఫ్లోర్ల సంగతి ఇతరులకు వదిలిపెట్టింది.

ఇక ‘ఫ్లోర్లు చాలడం లేదు’ అన్న మాటను విప్పి చూడాలి. నిర్మాత షూటింగ్ జరిగే రోజులకు మాత్రమే కాదు, సెట్ వేసే రోజులకూ, లైట్లు కట్టే రోజులకూ, చివర్లో సెట్ విప్పి ఫ్లోరు ఊడ్చి అప్పగించే రోజులకూ అద్దె కడతాడు. ఒక మోస్తరు ఇంటి సెట్‌ను తీసుకోండి. వడ్రంగులూ పెయింటర్లూ కలిసి నిలబెట్టడానికి నాలుగు వారాలు, లైటింగుకు ఒక వారం, షూటింగుకు పన్నెండు రోజులు, విప్పడానికి ఇంకో వారం పడతాయి. రెండు నెలలకు దగ్గరగా ఆ ఫ్లోరు ‘నిండి’ ఉంటుంది, కెమెరా తిరిగేది పన్నెండు రోజులే. ఓటీటీ సిరీస్‌ల సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఒక సీజన్ ముగిసి మరో సీజన్‌కు అనుమతి వచ్చేదాకా సెట్‌ను విప్పకుండా తాళం వేసి, ఖాళీ ఫ్లోరుకు నెలల తరబడి అద్దె కట్టడం నేను చూశాను. బయట నిర్మాత ఫ్లోరు కోసం తిరుగుతుంటాడు, లోపల సోఫాల మీద గుడ్డలు కప్పి దుమ్ము పడుతుంటుంది.

అందుకే మీ నగరంలో అధికారులు ‘ఫ్లోర్లు 95 శాతం నిండి ఉన్నాయి’ అని చెబితే, అందులో షూటింగ్ రోజులెన్ని, సెట్ నిర్మాణం రోజులెన్ని, తాళం వేసిన రోజులెన్ని అని విడివిడిగా అడగండి. నిర్మాణం రోజులే ఎక్కువగా ఉంటే మీకు వెంటనే కావలసింది కొత్త ఫ్లోరు కాకపోవచ్చు. ఫ్లోరు పక్కనే పెద్ద వడ్రంగి షెడ్డు ఉంటే గోడల పలకలన్నీ అక్కడే చేసి, రంగులు కూడా వేసి, ఫ్లోరులోకి తెచ్చి నిలబెట్టుకోవచ్చు. అప్పుడు నాలుగు వారాల పని పది పన్నెండు రోజులకు దిగుతుంది. ఫ్లోరు కట్టడానికయ్యే ఖర్చులో చిన్న భాగంతో, ఉన్న ఫ్లోరుకే ఏడాదికి మరో రెండు మూడు షెడ్యూళ్లు కలిసొస్తాయి. శంకుస్థాపన ఫొటోలో వడ్రంగి షెడ్డు అంత అందంగా కనిపించదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నిండుదనం అంకెలను నమ్ముకుని కట్టడంలో మరో చిక్కు ఉంది. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు ఫ్లోర్ల వినియోగాన్ని ఫిల్మ్ ఎల్‌ఏ అనే సంస్థ ఏటా లెక్కగడుతుంది. ఆ లెక్కల ప్రకారం 2016 నుంచి 2022 వరకు సగటు వినియోగం 90 శాతానికి పైనే ఉంది. ఆ అంకెలు చూసి పెట్టుబడిదారులు వరసగా కొత్త స్టూడియోలు ప్రకటించారు. 2023లో మే నుంచి సెప్టెంబరు దాకా రచయితలూ, జూలై నుంచి నవంబరు దాకా నటులూ సమ్మె చేశారు. ఆ ఏడాది వినియోగం 69 శాతానికి పడిపోయింది. సమ్మెలు ముగిశాక కోలుకుంటుందనుకుంటే 2024లో అది 63 శాతానికి దిగింది. ఓటీటీ సంస్థలు ఖర్చులు తగ్గించుకోవడమూ, చిత్రీకరణలు ఎక్కువ రాయితీలిచ్చే చోట్లకు వెళ్లిపోవడమూ ఇందుకు కారణాలు. 90 శాతం దాటిన అంకె చూసి అనుమతులకు దరఖాస్తు చేసినవాడికి తలుపులు తెరిచే నాటికి 63 శాతం ఎదురైందన్నమాట. అట్లాంటాలో నటుడు, నిర్మాత టైలర్ పెర్రీ తన స్టూడియోకు 80 కోట్ల డాలర్లతో మరో 12 ఫ్లోర్లు కలపాలనుకుని, కృత్రిమ మేధ తయారుచేసిన వీడియోలను చూసిన తర్వాత 2024 ఫిబ్రవరిలో ఆ విస్తరణను ఆపేస్తున్నట్టు చెప్పారు. ఆయన అంచనా సరైనదో కాదో వేరే చర్చ. తన సొంత డబ్బు కనుక ఆయన ఒక్క నిర్ణయంతో ఆగగలిగారు. అప్పటికే టెండర్లు పిలిచి, బాండ్లు అమ్మి, ఒప్పందాలు రాసుకున్న నగరానికి అంత సులువుగా ఆగడం కుదరదు.

గిరాకీ నగరం చేతిలో ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద నిర్మాణాలు ఎక్కడికి వెళ్లాలో ఎక్కువగా నిర్ణయించేది పన్ను రాయితీలు. వాటిని ఇచ్చేది సాధారణంగా రాష్ట్రమో దేశమో తప్ప నగరం కాదు. జార్జియా రాష్ట్రం 2008లో ఖర్చు మీద 20 శాతం రాయితీ, చిత్రంలో రాష్ట్రపు లోగో చూపిస్తే మరో 10 శాతం ప్రకటించింది. అప్పటివరకు చెప్పుకోదగ్గ స్టూడియోలు లేని అట్లాంటా పరిసరాల్లో పదేళ్లు తిరిగేసరికి వాటి వరస మొదలైంది. బ్రిటన్ 2013లో ఖరీదైన టీవీ ధారావాహికలకు పన్ను ఊరట ఇచ్చాక లండన్ చుట్టుపక్కల ఫ్లోర్ల కోసం పోటీ పెరిగింది. న్యూయార్క్ రాష్ట్రం 2023లో తన వార్షిక రాయితీ పరిమితిని 42 కోట్ల డాలర్ల నుంచి 70 కోట్లకు పెంచింది. కాలిఫోర్నియా 2025లో 33 కోట్ల నుంచి 75 కోట్లకు తీసుకెళ్లింది. పొరుగు రాష్ట్రం ఒక బడ్జెట్‌లో మార్చే ఒక్క అంకెతో మీ ఫ్లోర్లు నిండవచ్చు, ఖాళీ కావచ్చు. కాబట్టి నగరం తన ప్రణాళికను రాయితీ గడువుతో పోల్చి చూసుకోవాలి. రాయితీ అయిదేళ్లలో ముగిసిపోతుంటే, తిరిగి రాబట్టడానికి పాతికేళ్లు పట్టే నిర్మాణాన్ని ఆ రాయితీ మీద నిలబెట్టడం నాకు సబబుగా తోచదు.

ఇప్పుడు పాత కట్టడాల విషయానికి వస్తాను, ఎందుకంటే మీ రేవులో పెద్ద గోడౌన్లు ఉన్నాయనీ, వాటినే మార్చుకోవచ్చని కొందరు అంటున్నారనీ రాశారు. ఆ ఆలోచనకు మంచి చరిత్రే ఉంది. న్యూయార్క్‌లోని సిల్వర్‌కప్ స్టూడియోస్ ఒకప్పుడు రొట్టెల ఫ్యాక్టరీ, 1983లో స్టూడియోగా మారింది. కెనడాలో వాంకూవర్‌ను ఆనుకుని ఉన్న బర్నబీలో వంతెనల ఉక్కు భాగాలు తయారుచేసిన కర్మాగారం 1987లో బ్రిడ్జ్ స్టూడియోస్ అయింది. లండన్‌కు వాయవ్యంగా ఉన్న లీవ్స్‌డెన్‌లో రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు తయారయ్యేవి, తర్వాత అక్కడ రోల్స్ రాయిస్ ఇంజిన్ల ఫ్యాక్టరీ నడిచింది. అది మూతపడ్డాక ఒక జేమ్స్ బాండ్ చిత్రం బృందం ఫ్లోర్లు దొరక్క ఆ షెడ్లను అద్దెకు తీసుకుంది. 2000 నుంచి పదేళ్ల పాటు ఒకే చిత్రమాలిక అక్కడే తీశారు, 2010లో వార్నర్ బ్రదర్స్ దాన్ని కొనేసింది. జార్జియాలోని డోరావిల్‌లో 2008లో మూతబడిన జనరల్ మోటార్స్ ప్లాంటు స్థలంలో ఇప్పుడు అసెంబ్లీ అట్లాంటా స్టూడియో ఉంది. విమానాలూ వంతెనలూ కట్టిన షెడ్లు ఎందుకు పనికొచ్చాయంటే వాటికి ఎత్తు ఉంది, మధ్యలో స్తంభాలు తక్కువ, పైకప్పు దూలాలకు బరువులు వేలాడదీయవచ్చు. మామూలు సరుకుల గోడౌన్లకు ఈ మూడూ ఒకేచోట ఉండడం అరుదు.

ఇందులో నాకు స్వయంగా తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. ఒక పెట్టుబడిదారు కోసం మేము ఒక పాత గోడౌన్‌ను పరిశీలించాం. కప్పు ఎత్తు నలభై అడుగులు, స్తంభాలు అంచుల్లోనే ఉన్నాయి, రోడ్డు వెడల్పుగా ఉంది. అందరం సంతోషించాం. వెళ్లింది ఎండాకాలపు మధ్యాహ్నం, అదీ ఆదివారం. లోపల నిలబడితే పావురాల రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గోడలకు శబ్ద నిరోధక పొర వేయించి, ఏసీ పెట్టించి, తొలి సిరీస్‌కు అద్దెకిచ్చాక వానలు మొదలయ్యాయి. రేకు కప్పు మీద చినుకులు పడగానే సౌండ్ రికార్డిస్టు హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. మాటా పలుకూ లేదు, వాలడంలోనే అంతా ఉంది. వాన వెలిసిందనుకుంటే పక్క ఫ్యాక్టరీలో ఒక కంప్రెసర్ నలభై సెకన్లు తిరిగి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ తిరిగేది. దర్శకుడు ఆ రెండు నిమిషాల సందులో సీన్లు తీశాడు. కప్పుకు రెండో పొర వేయడానికయిన ఖర్చు మేము మొదట వేసిన మొత్తం మరమ్మతుల అంచనాను దాటిపోయింది, ఎందుకంటే ఆ బరువు మోయడానికి పాత దూలాలు సరిపోక కొత్త ఉక్కు పెట్టాల్సి వచ్చింది. తప్పు గోడౌన్‌ది కాదు, ఆదివారం మధ్యాహ్నం చూసి నిర్ణయించిన మాది. తర్వాత డబ్బింగ్ చెప్పుకుందాంలే అనుకునే రోజుల్లో ఇటువంటి షెడ్లు నడిచేవి. సెట్‌లోనే మాటలు రికార్డు చేసే నేటి పద్ధతిలో నిశ్శబ్దం లేని ఫ్లోరుకు గోడౌన్ అద్దె కన్నా ఎక్కువ రాదు.

ఫ్లోరు చుట్టూ ఉండే స్థలం గురించి చాలా ప్రణాళికల్లో ఒక్క పేజీ కూడా ఉండదు, నా దృష్టిలో అసలు విషయం అదే. నేను ప్లాన్ చూడగానే మొదట చూసేది ఫ్లోరు ఎంత ఉందని కాదు, ఫ్లోరు కానిది ఎంత ఉందని. ఒక చదరపు అడుగు ఫ్లోరుకు కనీసం అంతే సహాయక స్థలం లేకపోతే ఆ స్టూడియో మొదటి పెద్ద సిరీస్‌కే ఇరుకైపోతుంది. వడ్రంగి షెడ్డు, రంగుల షెడ్డు, కాస్ట్యూమ్స్, మేకప్ రూములు, ప్రొడక్షన్ ఆఫీసు, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ గది, ప్రాపర్టీల గోడౌన్, జూనియర్ ఆర్టిస్టులు కూర్చునే చోటు, భోజనాల హాలు, లైట్ల లారీలు, జనరేటర్లు, క్యారవాన్లు, మూడు నాలుగు వందలమంది వాహనాలు, ఇవన్నీ ఎక్కడో ఒకచోట ఉండాలి. నేను పనిచేసిన ఒకచోట భూమి ఖరీదైనదని ఫ్లోర్లను దగ్గరదగ్గరగా కట్టారు. ఏనుగు పట్టేంత తలుపులు పెట్టారు, ఆ తలుపు ముందు పొడవాటి ట్రక్కు తిరగడానికి చోటు వదల్లేదు. బయట తయారై వచ్చిన మెట్ల సెట్ ట్రక్కు మీదే ఉండిపోయింది. చివరికి వడ్రంగులు రోడ్డు మీదే ఆ మెట్లను మధ్యకు రంపంతో కోసి, రెండు ముక్కలుగా లోపలికి మోసి, మళ్లీ అతికారు. ఆ అతుకు కెమెరాకు కనబడకుండా దానిమీద ఒక పూలకుండీ పెట్టారు. ఆ కుండీ సిరీస్ ఆసాంతం అక్కడే ఉంది.

భూమి మీ నగరానిదే కాబట్టి ఈ తప్పు చేయకుండా ఉండే వెసులుబాటు మీకు ఉంది. నిర్మాణ కంపెనీని వదిలేస్తే అద్దె ఎక్కువొచ్చే ఫ్లోర్లను పెంచి, అద్దె తక్కువొచ్చే షెడ్లను తగ్గిస్తుంది. అది వాళ్ల లెక్కలో సహజమే. లీజు పత్రంలోనే సహాయక స్థలం నిష్పత్తిని రాయించడం నగరం పని.

టెలివిజన్ గురించి మీరు విడిగా అడగలేదు కానీ, సినిమా ఫ్లోరూ టీవీ స్టూడియో ఒకటి కావని చెప్పాలి. సినిమా ఫ్లోరు ఖాళీ డబ్బా, నిర్మాత తన సామానంతా తనే తెచ్చుకుంటాడు. గేమ్ షోలూ, పాటల పోటీలూ తీసే టీవీ స్టూడియోకు పైన మోటార్లతో దిగే లైటింగ్ గ్రిడ్, పక్కన కంట్రోల్ రూములు, ప్రేక్షకుల కుర్చీలు, వాళ్లు లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ వేరే దారులూ కావాలి. ప్రేక్షకులు రావాలి గనుక అది ఊరి మధ్యలో, బస్సూ రైలూ అందే చోట ఉండాలి. కానీ ఊరి మధ్య భూమికి ఇళ్ల ధర పలుకుతుంది కాబట్టి అటువంటి స్టూడియోలే ముందు మాయమవుతాయి. లండన్‌లో 1960 నుంచి నడిచిన బీబీసీ టెలివిజన్ సెంటర్‌ను 2012లో అమ్మారు, తర్వాతి ఏడాది బీబీసీ ఖాళీ చేసింది. ఆ ఆవరణ ఎక్కువగా ఫ్లాట్లూ ఆఫీసులూ అయింది, స్టూడియోల్లో మూడు మాత్రం 2017లో మళ్లీ తెరుచుకున్నాయి. టెడ్డింగ్టన్ స్టూడియో 2014లో, థేమ్స్ ఒడ్డున ఐటీవీ వారి లండన్ స్టూడియోస్ 2018లో మూతపడ్డాయి. ఊరి బయట కొత్త సినిమా ఫ్లోర్లు కడుతున్న సంవత్సరాల్లోనే ఊరి లోపల టీవీ స్టూడియోలు పోయాయి. మీ నగరంలో ఇప్పుడున్న స్టూడియోల భూమికి ఏ వినియోగం రాసి ఉందో మాస్టర్ ప్లాన్‌లో చూడండి. కొత్తది కట్టడం కన్నా, ఉన్నది అపార్ట్‌మెంట్లు కాకుండా భూ వినియోగ నిబంధనతో ఆపడానికి ఖర్చు దాదాపు ఉండదు. గ్లాస్గో నగరం 1927 నాటి కెల్విన్ హాల్ అనే తన ప్రదర్శనశాలలో ఒక భాగాన్ని టీవీ స్టూడియోగా మార్చి 2022లో తెరిచింది, నిర్వహణ బీబీసీ స్టూడియోవర్క్స్‌కు అప్పగించింది. సుమారు పదివేల చదరపు అడుగుల చిన్న ప్రయత్నమే, కానీ భవనం నగరానిది, చోటు ఊరి మధ్యలోది.

భూమిని చేతిలో ఉంచుకున్న నగరాల్లో న్యూయార్క్ కథ మీకు బాగా దగ్గరగా ఉంటుంది. బ్రూక్లిన్ నేవీ యార్డును నౌకాదళం 1966లో మూసేసింది. మూడు వందల ఎకరాల ఆ రేవు నగరం చేతికి వచ్చింది. నగరం దాన్ని ముక్కలు చేసి అమ్మకుండా, తన తరఫున ఒక సంస్థను పెట్టి, పరిశ్రమలకు లీజుకిస్తూ వచ్చింది. అందులో కొంత భాగంలో 2004లో స్టైనర్ స్టూడియోస్ మొదలైంది. రాష్ట్రం సినిమా రాయితీ ప్రవేశపెట్టింది కూడా అదే ఏడాది. స్టూడియో ఒకేసారి కట్టేయలేదు, గిరాకీని బట్టి పాత భవనాలను కలుపుకుంటూ దశలవారీగా పెరిగింది. పక్కనే వడ్రంగి పనివారూ లోహపు పనివారూ ఉండటం ఒక స్టూడియోకు ఎంత సౌకర్యమో సెట్ వేసినవాడిని అడిగితే తెలుస్తుంది. అదే నగరంలో క్వీన్స్‌లోని ఆస్టోరియా స్టూడియో 1920 నాటిది. 1942లో సైన్యం తీసుకుని శిక్షణ చిత్రాలు తీసింది, వెళ్లిపోయాక అది పాడుబడింది. 1980ల తొలినాళ్లలో ఆ ఆస్తి నగరానికి దక్కింది, నడిపే పనిని దీర్ఘకాలిక లీజు మీద జార్జ్ కాఫ్‌మన్‌కు ఇచ్చారు. యజమాని నగరం, నడిపేవాడు వ్యాపారి, రెండు చోట్లా పద్ధతి ఇదే.

టొరంటోది కూడా రేవు భూమే. పోర్ట్ ల్యాండ్స్‌లో నగర భూమి మీద 2008లో ఫిల్మ్‌పోర్ట్ పేరుతో స్టూడియో వచ్చింది. అందులో ఒక ఫ్లోరు సుమారు 46,000 చదరపు అడుగులది, ఉత్తర అమెరికాలోనే పెద్ద ఫ్లోర్లలో ఒకటి. ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన ఏడాదే తలుపులు తెరిచింది పాపం. మరుసటి ఏడాది బ్రిటన్ స్టూడియో సంస్థ పైన్‌వుడ్ చేరి, పేరు మారి, తర్వాత నెమ్మదిగా నిలదొక్కుకుంది. 2019లో నెట్‌ఫ్లిక్స్ అక్కడా, అదే నగరంలోని సినీస్పేస్‌లోనూ కలిపి ఎనిమిది ఫ్లోర్లు దీర్ఘకాలానికి తీసుకుంది. 2021లో నగరం అదే ప్రాంతంలో మరో తొమ్మిదెకరాల తన భూమికి ఒక స్టూడియో కంపెనీని ఎంపిక చేసింది. లీజు పద్ధతి ఉంటే చెడ్డకాలంలో నడిపేవాడు మారినా స్టూడియో మిగులుతుందని ఈ కథ చెబుతుంది, అందుకే దీన్ని ఇష్టంగా చెబుతాను.

ఈ కథలో నాకు నచ్చని భాగం, ఫ్లోర్లను ఓటీటీ సంస్థలకు ఇచ్చే దీర్ఘకాలిక లీజులు. 2019లోనే లండన్ దగ్గరి షెపర్టన్‌లో కూడా నెట్‌ఫ్లిక్స్ ఇటువంటి ఒప్పందం చేసుకుంది, తర్వాత అమెజాన్ అదే దారి పట్టింది. స్టూడియో యజమానికి ఇది వరం, బ్యాంకు అప్పు వెంటనే ఇస్తుంది. కానీ పాతికమంది బృందంతో ఆరు వారాలకు ఫ్లోరు కావలసిన స్థానిక నిర్మాతకు తలుపు మూసుకుపోతుంది. స్థానిక నిర్మాతల కోసమని చెప్పి కట్టిన స్టూడియోలో వాళ్లకే చోటు లేకపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఏడాదిలో కొన్ని రోజులు, లేదా ఫ్లోర్లలో ఒకటి, దీర్ఘకాలిక లీజుకు ఇవ్వకూడదని ఒప్పందంలో రాయించే హక్కు భూమి యజమానిగా నగరానికి ఉంటుంది. భూమి లీజు సంతకం కాకముందు అడిగితే అది షరతు, అయ్యాక అడిగితే అభ్యర్థన.

చుట్టుపక్కలవారి అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోవద్దు. బ్రిటన్‌లోని పైన్‌వుడ్ స్టూడియో విస్తరణ లండన్ చుట్టూ నిర్మాణాలకు అనుమతించని పచ్చని వలయంలోకి వెళ్లవలసి రావడంతో, ఇళ్లతో కలిపి వేసిన మొదటి ప్రతిపాదనను 2012లో ప్రభుత్వం తిరస్కరించింది. ఇళ్లు తీసేసి మార్చి తెచ్చిన ప్రతిపాదనను 2013లో స్థానిక మండలి వద్దంది, చివరికి 2014లో ప్రభుత్వం ఒప్పుకుంది. ప్రజల ఫిర్యాదులు సాధారణంగా సినిమా మీద ఉండవు, తెల్లవారుజామున నాలుగింటికి వరసగా వచ్చే లారీల మీద ఉంటాయి. రెండో గేటు ఎటువైపు పెడతారన్నది చాలా సభల్లో అసలు వివాదం, మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవి.

పన్నుల గురించి ఒక్క మాట. స్టూడియో కట్టడాలు విశాలమైనవి గనుక ఆస్తి పన్ను మదింపు మారితే వాటి మీద భారం ఒక్కసారిగా పెరగవచ్చు. ఇంగ్లండులో అటువంటి పరిస్థితి వచ్చి, 2024 మార్చి బడ్జెట్‌లో అర్హత గల స్టూడియోలకు 2034 దాకా వాణిజ్య ఆస్తి పన్నులో 40 శాతం తగ్గింపు ప్రకటించాల్సి వచ్చింది. ఆస్తి పన్ను నగరం చేతిలో ఉండే చోట దీన్ని మొదటే తేల్చుకోవచ్చు.

ఇళ్లు కావాలనే వర్గం వాదనకు నేను పూర్తిగా ఎదురు కాను. స్టూడియో తనంతట తాను ఇచ్చే శాశ్వత ఉద్యోగాలు తక్కువే. ఎనిమిది ఫ్లోర్ల ఆవరణలో గేటు దగ్గరివారు, ఎలక్ట్రీషియన్లు, నిర్వహణ సిబ్బంది, ఆఫీసు కలిపినా వందమంది దాటకపోవచ్చు. వేలమందికి పని అని ప్రకటనల్లో కనిపించే అంకె నిర్మాణ బృందాలది. అవి షెడ్యూలుతో వస్తాయి, షెడ్యూలుతో పోతాయి. 2023 సమ్మెలప్పుడు అలాంటి వేలమంది నెలల తరబడి ఇంట్లో కూర్చున్నారు. కాబట్టి ఉద్యోగాల పేరు చెప్పి భూమిని చవకగా అమ్మేయడాన్ని నేను సమర్థించను. లీజుకివ్వడం వేరు. గిరాకీ పడిపోతే ఆ భూమి, ఆ షెడ్లు మళ్లీ నగరానివే, మరో పరిశ్రమకు పనికొస్తాయి. ఇళ్లు కట్టేశాక పరిశ్రమకు భూమి తిరిగి రావడం నేను ఎక్కడా చూడలేదు.

మీ నగరం పరిమాణం చెప్పలేదు కానీ, ఒకేసారి పెద్దది తలకెత్తుకోనక్కరలేదు. లివర్‌పూల్‌లో పాత లిటిల్‌వుడ్స్ భవనం పక్కన పెద్ద స్టూడియో కట్టాలన్న ప్రణాళిక ఉండగా, 2018లో ఆ భవనం అగ్నిప్రమాదంలో దెబ్బతింది. అది తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకుండా, పక్క స్థలంలో ఒక్కొక్కటి 20,000 చదరపు అడుగుల రెండు ఫ్లోర్లను త్వరగా పూర్తయ్యే పద్ధతిలో కట్టి 2021లో తెరిచారు. ఆ ఊళ్లో వీధుల్లో షూటింగులు ఎప్పుడూ జరిగేవి, ఇండోర్ సీన్లకు మాత్రం బృందాలు వేరే చోటికి పోయేవి. రెండు ఫ్లోర్లతో ఆ లోటు ఎంతవరకు తీరుతుందో చూసుకునే వీలు కలిగింది. మీ రేవులో నేనైతే మొదటి దశలో రెండు మోస్తరు ఫ్లోర్లు, వాటికి రెట్టింపు షెడ్లు వేసి, మిగతా భూమిని మూడో, నాలుగో ఫ్లోరు కోసం కేటాయించి లారీల పార్కింగుకు వాడుకుంటాను. కరెంటు సబ్‌స్టేషన్, డ్రైనేజీ మాత్రం మొదటిరోజే చివరి దశకు సరిపడా వేయిస్తాను, ఎందుకంటే పనిచేస్తున్న స్టూడియోలో రోడ్డు తవ్వితే ఆ శబ్దానికి షూటింగే ఆగిపోతుంది.

వచ్చే కౌన్సిల్ సమావేశానికి ముందు మీకు సాధ్యమైతే రెండు పనులు చేయించండి. గత మూడేళ్లలో మీ నగరంలోని ఒక్కొక్క ఫ్లోరు వాడకాన్ని షూటింగ్, సెట్ నిర్మాణం, తాళం వేసి ఉంచడం అని మూడు వరసల్లో రాసిన పట్టిక అడగండి. రెండోది, అనుభవమున్న ఒక సౌండ్ రికార్డిస్టును రేవు స్థలంలో పనిదినాన, పగలూ రాత్రీ కలిపి ఇరవై నాలుగు గంటలు కూర్చోబెట్టండి. ఓడ హారన్ ఎన్నిసార్లు మోగింది, గూడ్సు బండి ఎప్పుడు పోయింది, విమానాలు ఏ దిక్కున దిగుతున్నాయి అని టైముతో సహా అతను రాసిచ్చే కాగితాన్ని పట్టుకుని, ఫ్లోరు గోడ మందం ఎంత ఉండాలో ఆర్కిటెక్టును అడగండి.